నూనె గడ్డకట్టింది

13 సెప్టెంబర్ 2011, మంగళవారం

ఈ నోటుబుక్కు నాది కాదు. సినిమా డైరెక్టర్ ఇచ్చిండు. ముందు పేజీలల్ల వాళ్ళ తప్పులు రాసియ్యాలె. ఎనక పేజీలు ఎవ్వడు సూడడు, అందుకే బుక్కు తిప్పి పట్టుకొని రాస్తున్న.

ఎట్లొచ్చిందో రాస్త. నేను నాచారం స్టూడియో గేటు కాడ వాచ్‌మన్. ఇయ్యాల్టి సంది సకలజనుల సమ్మె, ఆఫీసులన్నీ బంద్. లోపట షూటింగ్ మాత్రం నడుస్తున్నది. 62ల చైనాతోని లడాయి, గా సినిమా. తాళంచెవులిద్దామని లోపటికి పోయిన. హీరో పోరడు గౌతమ్ ఉప్పు పోసి చేసిన మంచుల బోర్ల పండుకొని తుపాకి పట్టిండు. నాకు ఆగలే.

"గది ఎస్సెల్లార్. 62ల మాకు ఎస్సెల్లార్ ఏడిది? అది మేం ఓడిపోయినంక వచ్చింది. త్రీనాట్‌త్రీ పట్టుకొని సచ్చినం మేం" అన్న.

అందరు తిరిగి సూసిన్రు. డైరెక్టర్ గిరిప్రసాద్ గుంటూరాయన. వెళ్ళగొడ్తడనుకున్న. కుర్చీ ఏయించిండు.

"మీరు ఆర్మీలో చేశారా?"

"పదహారేండ్లు. నాయక్ సిద్దయ్య."

అసిస్టెంటొకడు, "నాయక్ అంటే మీది తండానా తాతా" అన్నడు.

"నాయక్ అంటే చెయ్యి మీద రెండు పట్టీలు. నీకు గవి రావాలంటే ఇంకోపారి పుట్టాలె" అన్న.

డైరెక్టర్ నవ్విండు. నోటుబుక్కిచ్చి, గేటు కాడికి వేరేటోణ్ణి పంపి, నన్ను లోపట కూసోమన్నడు.

15 సెప్టెంబర్

ముందు పేజీలల్ల ఇయ్యాల్టి దాంక పదకొండు తప్పులు రాసిన. హీరో ఛాతి మీద 71 లడాయి బిళ్ళ ఉన్నది. 62ల ఉన్నోనికి అది ఎవడిచ్చిండు? వీపు సంచికి చర్రున పీకితే ఊడే పట్టీ ఉన్నది. మాయి ఇత్తడి బకల్సులు, చలికి పట్టుకుంటే తోలు ఊడి వచ్చేటియి. అందరికీ తోలు బూట్లు. మాకు గుడ్డ బూట్లు. టెంటుల గోడకు మ్యాపు, దాని మీద బంగ్లాదేశ్ ఉన్నది.

సామాన్లన్నీ చిదంబరం చేతుల ఉంటయి. మద్రాసాయన, సినిమా తుపాకులకు ముప్పై ఏండ్ల సంది ఆయనే పెద్ద. మ్యాపు సంగతి చెప్తే మొఖం మాడ్చుకున్నడు.

"ఇంకేమైనా ఎక్కువుందా సార్ దాంట్లో? తెలంగాణ గానీ ఉందా?"

"అది ఇప్పటి మ్యాపులనే లేదు, 62ల ఏడికెల్లి వస్తది" అన్న. లైట్లోళ్ళందరు నవ్విన్రు. చిదంబరం నవ్వలే.

నాకు రాసుడు అంతంతే. ఊళ్ళె రెండో తరగతి. మిలిటరీ పల్టన్ల హిందీని ఇంగ్లీషు అక్షరాలల్ల నేర్పిన్రు. తెలుగు మళ్ళ నేర్పింది మా బావ హన్మయ్య. అయిదు సదివిండు. ఖాళీ గుండ్ల డబ్బా మీద బొగ్గుతోని రాసి దిద్దిచ్చిండు. ఈ అక్షరాలు ఆయనయే.

20 సెప్టెంబర్

నిన్నటి సంది బస్సులు గూడ బందయినయి. ఉప్పల్ నుంచి నడిచి పోయిన. డెబ్భై మూడేండ్లకు గింత నడుస్తున్ననంటే పల్టన్ తిండి. ఉప్పల్ డిపో కాడ గేటుకు తాళం ఏసి మొగోళ్ళు వంటలు చేస్తున్నరు. తినుమన్నరు. పని ఉన్నదన్న.

గిరిప్రసాద్ ఇయ్యాల అడిగిండు, "మీ పక్కన చనిపోయిన వాళ్ళెవరైనా ఉన్నారా?" అని.

చెప్పిన. మా బావ అని చెప్పిన. నా చెల్లె లింగమ్మ పెనిమిటి. ఇద్దరం ఒక్కనాడే భర్తీ అయినం, ఒక్క మోర్చల, ఒక్క గుంతల ఉన్నం. నవంబర్ 18 తెల్లారంగ చైనోళ్ళు మీదికి వచ్చిన్రు. బావ బోల్టు గుంజుకుంట, తోసుకుంట అయిదు గుండ్లు కొట్టిండు. ఆరోదానికి బోల్టు ముందుకు పోలే. చలికి నూనె గడ్డకట్టింది. చేత్తోని కొట్టిండు, బూటుతోని తన్నిండు. గంతల్నే.

డైరెక్టర్ తన కాయితాల మీద రాసుకున్నడు. తర్వాత, "ఈ సీన్ పెడతాను. మీరు చెప్పింది చెప్పినట్టే. నూనె గడ్డకట్టడం క్లోజప్‌లో చూపిద్దాం" అన్నడు. గౌతమే గా పాత్ర చేస్తడట.

మంచిగైంది. గవర్నమెంటు చలికి పనికొచ్చే నూనె ఇయ్యకపాయె, అది లోకానికి తెల్వాలె.

లింగికి చెప్పిన. మా ఇంటామె పోయి పదకొండేండ్లు, గప్పటిసంది లింగి నేను ఒక్కకాడనే ఉంటున్నం. ఆమె చాటల బియ్యం ఏరుకుంట తలెత్తలే.

"ఆయన్ను సూపిస్తరా అన్న?"

"ఆయన్ను కాదు, ఆయన లెక్క ఒకన్ని."

"తుపాకి ఎట్ల ఆగిపోయిందో సూపిస్తరా?"

"సూపిస్తరు."

"అయితే నన్ను తీస్కపో. నేను సూడాలె."

21 సెప్టెంబర్

నూనె గడ్డకట్టింది. అంతే.

27 సెప్టెంబర్, పెత్తరమాస

పొద్దుగాల గుడికాడ పోయినోళ్ళ పేరు మీద బియ్యమిచ్చినం. మా అమ్మకు, నాయినకు, నా ఇంటామెకు, ఆఖరుకు బావకు. ఇస్తరాకుల బియ్యం, పప్పు, బెండకాయలు, చింతపండు పెట్టుడు లింగి పని. అయ్యగారు "పేరు?" అంటడు. లింగి నా దిక్కు సూస్తది. పెనిమిటి పేరు ఆమె నోటితోని ఎన్నడు అనలే, ఆ కాలంల ఆడోళ్ళు అనరు. నేను "హన్మయ్య" అంట. నలభై తొమ్మిదేండ్ల సంది నేనే అంటున్న, నేనే నీళ్ళిడుస్తున్న. వాళ్ళకు పిల్లలు లేరు. పెండ్లయి పదమూడు నెలలే.

ఇంటికొచ్చినంక లింగి పెట్టెలకెల్లి బావ ఉత్తరం తీసింది. ఏటా గింతే. ఆఖరినాటి మునుపటి రాత్రి బావ పెన్సిలు పిడికిట్ల పట్టుకొని రాసి, "డాక్ పోతే ఎయ్యి" అని నా చేతుల పెట్టిండు. డాక్ పోలే. నేనే అంగి లోపట పెట్టుకొని పదిహేడు దినాలు అడవిల నడిచి తెచ్చిన. లింగికి సదువు రాదు. వేరేటోళ్ళ నోటెంట వినది, నేనే సదవాలె.

సదివిన. మంచిగున్న. చలి మస్తున్నది. ఎర్ర బర్రె ఈనిందా. మీ అమ్మకు దండాలు.

"మడత కాడ?" అన్నది.

"చెరిగిపోయింది."

"గా మడత కాడ ఏమున్నదో" అన్నది. ఇది గూడ ఏటా అంటది.

నేను పప్పుల ఉప్పు తక్కువైందన్న.

1 అక్టోబర్, శనివారం

చిదంబరం బొంబాయికెల్లి రెండు అసలు త్రీనాట్‌త్రీలు తెప్పించిండు. నల్ల మొఖం పెట్టుకొని నా ముంగట పెట్టిండు, "తీసుకోండి సార్, మీ పెళ్ళికూతురు" అని. గుండ్లు గూడ తెచ్చిండు, మందు లేనియి. కర్ర వాసన, ఇనుము వాసన. నలభై ఏండ్లాయె ముట్టక.

గౌతమ్ మంచి పోరడు. అంతపెద్ద హీరో నా ముంగట కింద కూసున్నడు. "నేర్పండి సార్, చూసేవాళ్ళు నవ్వకూడదు" అన్నడు. క్లిప్పు నింపుడు సూపిచ్చిన. క్లిప్పు అంటే రేకుముక్క, అయిదు గుండ్లు పడతయి. గుండు ఎనక దిక్కు అంచు ఉంటది, రూపాయిబిళ్ళ అంచు లెక్క. గుండ్లు ఒకటి కింద ఒకటి మీద పెట్టుకుంట పోవాలె. పైగుండు అంచు కిందిదాని అంచుకు ముంగట ఉండాలె.

నాకు జర పొగరొచ్చింది. రాస్తున్న, పొగరే. చుట్టూ ముప్పై మంది సూస్తున్నరు. "మా కంపెనీల నాయంత జల్ది ఎవ్వడు నింపకపోయేది. కండ్లు మూసుకొని నింపుత" అన్న.

కండ్లు మూసుకొని రెండు క్లిప్పులు నింపిన. తుపాకిల ఎక్కిచ్చి గౌతమ్‌కిచ్చిన. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. మంచిగ లాగుతున్నడు, గుండ్లు ఎగిరి ఉప్పుల పడుతున్నయి.

ఆరోదానికి బోల్టు ముందుకు పోలే.

గౌతమ్ నా దిక్కు సూసిండు. నేను తీస్కొని కొట్టిన. పోలే. చిదంబరం చాయ తాగుకుంట వచ్చి నిలబడ్డడు. అక్టోబర్ ఎండ, మీద రేకులు, లైట్లు. అందరి అంగీలు చెమటకు తడిసి ఉన్నయి.

"ఏం సార్, నాచారంలో కూడా నూనె గడ్డకట్టిందా?"

అందరు నవ్విన్రు. ఆయన మంచిగనే అన్నడు, ఎగతాళికే. ఆయనకేం ఎరుక.

చిదంబరం తుపాకి కిందున్న గుండ్ల డబ్బా పీకి సూసి, "ఏం లేదు బాబూ, పై గుండు అంచు వెనక్కి పడింది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. నింపడంలో తేడా" అని గౌతమ్‌కు సూపిచ్చిండు.

కడుపుల నొస్తున్నదని చెప్పి ఇంటికొచ్చిన.

2 అక్టోబర్

పోలే.

3 అక్టోబర్

పోలే. లింగి దవాఖానకు పోదామన్నది. వద్దన్న.

రాస్త. ఈడనే రాయాలె, ఇంకేడ రాయాలె.

62 నవంబర్ 17 తారీఖు పొద్దుగూకే ముందర గుండ్ల డబ్బాలొచ్చినయి. ఎప్పుడూ క్లిప్పుల నింపే వస్తయి, గా దినం విడి గుండ్లు. మనిషికి యాభై. బావ వేళ్ళు చలికి వాసి కట్టెల లెక్కయినయి, అంగి గుండీ గూడ నేనే పెడుతుంటి. "నీయి గూడ నేనే నింపుత తియ్యి" అన్న. ఆయన మొఖం సూస్తే ఏడ్పొస్తున్నది. నవ్విద్దామని, "సూడు బావా, కండ్లు మూసుకొని నింపుత" అన్న. మూసుకొని నింపిన. నవ్విండు. "నీ చేతులకు కండ్లున్నయి బావా" అన్నడు. నేను గిట్లనే, కండ్లు మూసుకొని, నవ్వుకుంట, అన్నీ నింపిన.

నూనె గడ్డకట్టలే. చలి ఉన్నది, నూనె గడ్డకట్టేటంత లేదు. నా తుపాకి నడిచింది. పక్క మోర్చలయి నడిచినయి. నాది నడిచిందంటే నాయి నేను కండ్లు తెరిచి నింపుకున్న.

నాకు మొన్న తెలిసింది కాదు. చిదంబరం చెప్తే తెలిసింది కాదు. బావ పడ్డంక ఆయన తుపాకి తీస్కున్న, కొడదామని. బోల్టు పోలే. డబ్బా పీకి సూసిన. రెండు గుండ్లు ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్నయి. వేలితోని అంటే ఊడినయి. గంత అల్కగ. మళ్ళ ఎక్కిచ్చి గా తుపాకితోనే కొట్టుకుంట ఎనక్కు వచ్చిన. తుపాకి మంచిగ నడిచింది.

నూనె మాట సూబేదారుకు చెప్పిన. తర్వాత లింగికి, మా అమ్మకు, ఊరికి. ఇప్పుడు సినిమాకు.

మడత కాడ ఏమున్నదో గూడ రాస్త. చెరిగిపోలే. ఎన్నడు చెరిగిపోలే. "క్లిప్పులు మీ అన్ననే నింపుతున్నడు. మీ అన్న చేతులుండంగ నాకేం ఫికర్ లేదు. నువ్వు గూడ ఫికర్ పడకు."

5 అక్టోబర్

పొద్దుగాల నోటుబుక్కు ముందు పేజీల రాసిన. తప్పు 31. బావ సీనుల నూనె గడ్డకట్టిందని ఉన్నది. అది తప్పు. క్లిప్పు నింపుట్ల తప్పైంది. నింపినోడు సిద్దయ్య.

గా పేజీ చింపి గిరిప్రసాద్‌కిచ్చిన. ఆయన రెండుపార్లు సదివిండు. నా చెయ్యి పట్టుకున్నడు. ఇడిపిచ్చుకున్న.

"సిద్దయ్య గారూ, ఆ సీన్ షూటింగ్ నిన్ననే అయిపోయింది. మీకు ఒంట్లో బాగోలేదని కబురు పెట్టలేదు. చాలా బాగా వచ్చింది."

"మళ్ళ తియ్యి."

"అంచు, క్లిప్పు, ముందు గుండు, వెనక గుండు... ఇదంతా చూసేవాడికి అర్థం కాదండి. నూనె అయితే కనిపిస్తుంది. అయినా ఎవరు అడుగుతారు?"

"బంగ్లాదేశ్ తీసినవ్ కదా మ్యాపుల. బిళ్ళ తీసినవ్. బూట్లు మార్చినవ్. అన్నీ నేను చెప్తేనే కదా."

"చేశాను. ఇది మాత్రం మీరు చెప్పిందే ఉంచుతున్నాను."

నా మాటే నాకు ఇచ్చిండు. అన్నీ సరిజేసిన సినిమాల ఒక్క తప్పు మిగిలింది, అది నేను పెట్టిందే.

పోయేటప్పుడు చిదంబరం గేటు దాంక వచ్చిండు. ఆయన గూడ సదివినట్టున్నడు. ఒక క్లిప్పు, అయిదు గుండ్లు నా జేబుల ఏసిండు. "లెక్కలో లేవు సార్, ఉంచుకోండి" అన్నడు. ఎందుకేసిండో. అడగలే.

6 అక్టోబర్, దసరా

లింగి జమ్మాకు నా చేతుల పెట్టి, "బంగారం తీస్కో అన్న" అని కాళ్ళు మొక్కవోయింది. ఎనక్కు జరిగిన. మోకాళ్ళు నొస్తున్నయేమో అనుకున్నది.

7 అక్టోబర్

చెప్పలే. కూర బాగున్నదన్న.

9 అక్టోబర్

పొద్దుగాల కల్లాపి చల్లి వచ్చి, "షూటింగుకు ఎప్పుడు తీస్కపోతవ్ అన్న? తుపాకి సూస్తనంటిని" అన్నది.

"ఉత్తరం తే" అన్న.

"ఇప్పుడెందుకు? పెత్తరమాస అయిపాయె కదా."

"తే."

తెచ్చింది. మడత కాడ సదివిన. ఒక్కొక్క అక్షరం సదివిన.

లింగి మొఖం నేను రాయలేను. అరవై ఎనిమిదేండ్ల మనిషి. నోరు తెరిచి పిల్ల లెక్క సూసింది. "ఇంకోపారి సదువు" అన్నది. సదివిన. "ఫికర్ పడకు అని రాసిండా? నన్ను పడకు అన్నడా?" అన్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది, ఏడ్చింది. "గింత మంచి మాటను చెరిగిపోయిందంటివి గదనే. నీ మీద గంత నమ్మకమా ఆయనకు. ఎందుకు దాచినవ్ అన్న, నీ గొప్ప నువ్వు చెప్పుకోవద్దనా?"

యాభై ఏండ్లకు పెనిమిటి నోటి నుంచి కొత్త మాట విన్నది. ఈడ ఆగిపోదామనుకున్న. ఆగితే అయిపోతుండె. అబద్ధం రాయను, మస్తుసేపు అనుకున్న.

జేబుల చెయ్యి పెట్టి క్లిప్పు, గుండ్లు తీసి చాప మీద పెట్టిన.

"గిదేంది?"

"గివే ఆయన కొట్టినయి. నింపు."

లింగి బతుకంతా మోదుగాకుల ఇస్తర్లు కుట్టింది. ఉప్పల్ల సగం పెండ్లిండ్లు ఆమె కుట్టిన ఆకుల్లనే తిన్నయి. అంచు సూసింది, వేలు పెట్టి రాసి సూసింది. ఒకటి కింద, ఒకటి మీద. అయిదు గుండ్లు, ఒక్క ఊపుల నింపింది. సక్కగ.

"ఎట్ల తెలిసె నీకు?"

"ఏమున్నది దీంట్ల. ఆకు మీద ఆకు ఏసినట్టే. పైది ముంగటికి, కిందిది ఎనక్కు. తిరగేస్తే కుట్టు పట్టది."

"తిరగేస్తే ఏమైతది సూడు."

రెండు గుండ్లు తీసి తిరగేసి పెట్టిన. పైదాన్ని ముందుకు తోయమన్న. తోసింది. పోలే. మళ్ళ తోసింది. కిందిది పట్టుకున్నది. ఆమె వేళ్ళు ఆగిపోయినయి. గుండ్లు సూసింది. ఉత్తరం సూసింది. నా చేతులు సూసింది.

"నూనె?" అన్నది.

"నూనె లేదు లింగీ."

బయట ర్యాలీ పోతున్నది, డప్పులు.

"గింతేనా?" అన్నది. "గింత దానికేనా?"

లేచి పొయ్యి కాడికి పోయింది.

10 అక్టోబర్

అన్నం పెట్టింది. అన్న అని పిలవలే.

11 అక్టోబర్

పిలవలే.

16 అక్టోబర్

బస్సులు నడుస్తున్నయి. నేను స్టూడియోకు పోతలేను. నోటుబుక్కు ముందు పేజీలు చింపి పంపించిన, ముప్పై తప్పులు. ముప్పై ఒకటోది ఆయన కాడనే ఉన్నది.

క్లిప్పు, గుండ్లు కనవడలే. వెతికిన. లింగి పెట్టెల, ఉత్తరం మీద పెట్టి ఉన్నయి. సక్కగ నింపి ఉన్నయి.

22 అక్టోబర్

ఇయ్యాల తానే మాట్లాడింది. ఇస్తరి కుట్టుకుంట, నా దిక్కు సూడకుంట.

"సినిమాల నూనే ఉన్నదా?"

"ఉన్నది. మార్చరట."

"ఉండనీ. ఊరికి నూనె చాలు."

తర్వాత అన్నది, "పెత్తరమాసకు ఆయన బియ్యం నువ్వు ఇయ్యకు."

"మరి ఎవరిస్తరు?"

పుల్ల విరిచి ఆకుల గుచ్చింది.

15 అక్టోబర్ 2012, పెత్తరమాస

ఏడాదాయె ఈ బుక్కు ముట్టక. సినిమా ఎండాకాలంల వచ్చిపోయింది. తుపాకులు, బట్టలు అన్నీ అసలువే ఉన్నయని పేపర్ల రాసిన్రట. నూనె సీనుకు జనం ఏడ్చిన్రట. మేం పోలే.

పొద్దుగాల గుడికాడికి పోయినం. మా అమ్మకు, నాయినకు, నా ఇంటామెకు నేనిచ్చిన. నాలుగో ఇస్తరి లింగి ముంగట పెట్టుకొని కూసున్నది. నేను ఎనక్కు జరిగి నిలబడ్డ. ఆడమనిషి ఇస్తదా అన్నట్టు అయ్యగారు నా దిక్కు సూసిండు. నేను నేల సూసిన.

"పేరు?" అన్నడు.

లింగి అలవాటు కొద్ది నా దిక్కు తలతిప్పింది. నా నోట్లకు పేరు వచ్చింది. పండ్లు బిగవట్టిన. ఆమె మళ్ళ ముంగటికి తిరిగింది. పెదవులు రెండుపార్లు కదిలినయి, ఏం రాలే. అయ్యగారు "గట్టిగా చెప్పమ్మా" అన్నడు.

"హన్మయ్య" అన్నది.

అని, నీళ్ళిడిచింది.